కిందూరి కోడలి ఒడిపండు

అనగనగా ఒక కొండ. కొండ మీద ఒక మబ్బు. ఆ మబ్బు లోపల ఒక రాజ్యం.

రాజ్యం పేరు మబ్బులదుర్గం. అక్కడికి సూర్యుడు చుట్టపుచూపుగా వచ్చేవాడు. వచ్చినా కూర్చునేవాడు కాదు. పొద్దున జల్లు, మధ్యాహ్నం మంచు, సాయంత్రం మళ్లీ జల్లు. జాడీలో ఉప్పు జాడీలోనే నీరయ్యేది. పండక్కని ఉతికిన చీర దండెం మీద ఆరేసరికి పండుగ వెళ్లిపోయేది. అప్పడాలు ఎండాలంటే కుంపటి చుట్టూ పేర్చి, పక్కనే కాపలా కూర్చోవాలి. కాపలా ఎవరి నుంచి అంటారా? ఇంకెవరు, మీలాంటి వాళ్ల నుంచే!

ఆ కోటలో కుందమాంబ అని ఒక ముసలిరాణి ఉండేది. రాజుగారు ప్రతాపకేసరిని కన్నతల్లి. తల ముగ్గుబుట్టయింది. మోకాళ్లు లేచేటప్పుడొక మాట, కూర్చునేటప్పుడొక మాట అనేవి. అంత పెద్దావిణ్ణి ఊళ్లో ఏమని పిలిచేవారో తెలుసా?

"కిందూరి కోడలు!"

నవ్వకండి. అది ఆ ఊరి ఆచారం. కింద మైదానాల నుంచి కోడలై వచ్చిన ప్రతి పిల్లా పెరట్లో ఒక పండ్లచెట్టు పెంచాలి. తొలికాపు ఊరి ఆడవాళ్ల ఒళ్లో పోయాలి. దాన్ని ఒడిపండు అనేవారు. ఒడిపండు పోసిన నాటి నుంచి ఆ పిల్ల మనూరి మనిషి. అందాకా ఆమె రాణి అయినా సరే, కిందూరి కోడలే.

ఏటా తొలిముసురు పండుగ వచ్చేది. ఆ రోజు మనూరి మనుషులంతా మండపంలో చాపలు పరుచుకుని, వానను పిలుస్తూ పాటలు పాడేవారు. ఒడిపండు పొయ్యని కోడళ్లు మాత్రం బయట చూరు కింద అరుగు మీద కూర్చుని వినాలి. పాడకూడదు. చూరునీళ్లు ఊరుకుంటాయా? తల వంచితే మెడ మీద టప్పు. తల ఎత్తితే ముక్కు మీద టప్పు.

ఆ అరుగు మీదికి ఏటేటా కొత్త కోడళ్లు వచ్చేవారు. కొన్నాళ్లకు ఒడిపండు పోసి, చేతులు ఊపుకుంటూ లోపలికి వెళ్లిపోయేవారు. కుందమాంబ మాత్రం అక్కడే ఉండిపోయేది.

"నాయనమ్మా, కొత్త పెళ్లికూతురా! కాస్త సిగ్గుపడుతూ కూర్చో. అందరూ చూస్తున్నారు," అని మనవరాలు అలివేణి చెవిలో ఊదేది.

"నోరు ముయ్యవే పిడుగా!" అనేది కుందమాంబ.

పైకి నవ్వేది కానీ లోపల గుబులుగా ఉండేది. ఆవిడకు ఆ పాటలన్నీ నోటికి వచ్చు. అరుగు మీద కూర్చుని పెదవులు కదపకుండా అన్నీ పాడుకునేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, లోపల చాప మీద కూర్చుని గొంతెత్తి పాడాలని ఆవిడ కోరిక. గొంతు చూస్తే ఏటికేడాదికి సన్నబడిపోతోంది. పాట మిగిలి గొంతు పోతే ఏం చెయ్యాలి?

మరి చెట్టు నాటలేదా అంటారా? అయ్యో, నాటకపోవడమేమిటి! అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కుందమాంబ పుట్టిల్లు ఎండలవాడ. పేరుకు తగ్గ ఊరు. అక్కడ ఎండ అంటే అలా ఇలా ఉండదు, అరుగు మీద నీళ్లు చల్లితే చుయ్యిమంటుంది. ఆ ఎండకే వాళ్ల తోటలో మామిడికాయలు బంగారు రంగుకు తిరిగేవి. చిన్నప్పుడు ఆవిడా, అన్నలూ కొమ్మకొకరు ఎక్కి కూర్చునేవారు. పండు పిసికి, ముచ్చిక కొరికి, జుర్రుకుంటుంటే రసం మోచేతుల దాకా కారేది. "నా పండు పెద్దది!" "కాదు, నాది!" అని కీచులాట. కింద నుంచి అమ్మ గిన్నెగరిటె పట్టుకుని, "దిగండర్రా కోతుల్లారా! ఆ చేతులతో గుమ్మం తొక్కారంటే ఊరుకోను!" అని అరిచేది. అందరూ బావి దగ్గరికి పరుగు.

పెళ్లయి కొండెక్కే రోజున అమ్మ ఒక మామిడిటెంక ఆవిడ కొంగున ముడివేసింది. "ఇది నాటుకో తల్లీ. మేం గుర్తొచ్చినప్పుడు ఒక పండు తిను," అంది. ముక్కు చీదుకుని, ముడి ఇంకోసారి బిగించింది.

అదీ కథ. ఆ టెంకే కోట పెరట్లో మొలిచింది. చెట్టయింది. పచ్చగా, గుబురుగా, గొడుగులా పెరిగింది. ఏటా పూత పూసింది. పూత విచ్చుకోగానే ముసురు పట్టేది. పూత నల్లబడి, బూడిద పట్టి, రాలిపోయేది. ఒక్క పిందె కట్టేది కాదు.

ఆ పెరటిగోడ మీద ఒక పికిలిపిట్ట వాలేది. తల మీద నల్లజుట్టు ముడి, తోక కింద ఎర్రమచ్చ. ఏటా అదే వేళకు వచ్చేది. ఏటా అదే ప్రశ్న అడిగేది.

"కిందూరి కోడలా, కిందూరి కోడలా! పండుందా?"

"లేదు, పో!"

"అయితే మళ్లొస్తా!" అని తుర్రుమనేది.

ఒక ఏడు ప్రతాపకేసరి మీసం దువ్వి, "అమ్మా, ఇది వానతో యుద్ధం. యుద్ధం నా పని," అన్నాడు. సైన్యాన్ని పిలిచాడు. మామిడి పూత పూసిన నాటి నుంచి భటులు నిచ్చెనలెక్కి చెట్టు చుట్టూ తాటాకు గొడుగులు, అదే గిడుగులు, పట్టుకు నిలబడాలని ఆజ్ఞ. పాపం, నిలబడ్డారు. పై నుంచి చుక్క పడలేదు. అయితే మంచుకు తలుపులూ గిడుగులూ ఒక లెక్కా? కింద నుంచి దూరింది, పక్క నుంచి దూరింది. తేనెటీగలు వచ్చి చూశాయి. నడుముకు కత్తులు వేలాడే భటుల్ని చూసి, "మనకెందుకొచ్చిన గొడవ!" అని వెళ్లిపోయాయి. చివరికి సేనాపతికి జలుబు చేసి ఒక తుమ్ము తుమ్మాడు. మిగిలిన పూత కాస్తా జలజలా రాలింది.

సైన్యమంతా మంచం పట్టింది. అదే అదనుగా పొరుగురాజు దండెత్తేవాడే. కానీ సంగతి విని నవ్వీ నవ్వీ గుర్రం మీద నుంచి పడ్డాడట.

"కిందూరి కోడలా! పండుందా?" అంది పికిలిపిట్ట.

"లేదు, పో!"

తర్వాత ఏడు ధనగుప్తుడనే వర్తకుడు కొండెక్కి వచ్చాడు. చేతిలో దానిమ్మ మొక్క. మొక్క మూరెడు, మాట బారెడు.

"మహారాణీ! మామిడి మహావృక్షం, తమ పెరడు చిన్నది. చిన్న పెరటికి చిన్న చెట్టే అందం. దానిమ్మకు చోటూ అక్కర్లేదు, సేవా అక్కర్లేదు. ఎక్కడ పెడితే అక్కడ కాస్తుంది!"

"ఇంత వానలోనా?"

"వాన కురిసేది ఆకుల మీద కదా తల్లీ! పండు లోపల ఉంటుంది," అన్నాడు వర్తకుడు గడుసుగా.

నిజంగానే దానిమ్మ పూసింది. ఎర్రగా, కుంకుమభరిణల్లా కాయలు కట్టాయి. కుందమాంబ రోజూ ఒక్కో కాయనూ చెంపకు ఆనించి పలకరించేది. ఇంకో వారంలో కోయాలనగా ముసురు పట్టింది. తెరిపి లేకుండా కురిసింది. కాయలు నీళ్లు తాగీ తాగీ ఒక్కొక్కటే ఫట్టుమని పగిలాయి. గింజల మీద నల్లటి బూజు. ధనగుప్తుడు ఎక్కడున్నాడో వెతికితే, ఆయన ఎప్పుడో కొండ దిగి ఎండలో కూర్చున్నాడు.

"పండుందా?"

"లేదు, పో!"

ఈసారి ఆ 'పో' అన్నప్పుడు కుందమాంబ గొంతు వణికింది. అలివేణి విన్నది. ఆ రోజు వెక్కిరించలేదు.

రాజు కూడా విన్నాడు. తల్లి మీద ప్రేమ కొండంత, ఆలోచన ఆవగింజంత. రహస్యంగా ఎండలవాడకు బళ్లు పంపాడు. మామిడిపళ్లు తెప్పించాడు. తెల్లవారేలోగా వాటిని పట్టుదారంతో చెట్టుకు కట్టించాడు. ఆపైన ఊళ్లో చాటింపు వేయించాడు. "రాణిగారి చెట్టు కాసింది! ఒడిపండుకు రండహో!"

కుందమాంబ పెరటితలుపు తీసేసరికి ఏముంది? మంచులో బంగారు దీపాల్లా పళ్లు! వాసన గుప్పుమంది. ఒక్క క్షణం ఆవిడ ఎండలవాడలో ఉంది. కాళ్ల కింద వేడి ఇసుక. పై కొమ్మ మీద అన్నయ్య. కింద అమ్మ గరిటె. ఆవిడ గబగబా వెళ్లి ఒక పండు పట్టుకుంది. వేలికి దారం ముడి తగిలింది.

అప్పటికే గుమ్మంలో గాజులు గలగలలాడుతున్నాయి. ఊరి ఆడవాళ్లంతా కొంగులు బొడ్లో దోపుకుని, ఒడులు పట్టుకుని వచ్చేశారు. అందరికంటే ముందు కొండమ్మవ్వ. ఊరికి పెద్దముత్తైదువ. ఒడిపండు తొలి దోసిలి ఆవిడ ఒళ్లోనే పోయాలి. ఆవిడకు చూపు సరిగా ఆనదు. పైగా కమ్మేసిన మంచు. దారం సంగతి కనిపెట్టేవాళ్లెవరూ లేరు. ఒక్క దోసిలి పోస్తే చాలు. ఎల్లుండి తొలిముసురు పండుగ. చాప, పాట, అన్నీ ఆవిడవే.

కుందమాంబ చెయ్యి పండు మీదే ఉండిపోయింది. కొండమ్మవ్వ ఒడి పట్టి, "పొయ్యమ్మా, కిందూరి కోడలా," అంది.

"పొయ్యలేనవ్వా," అంది కుందమాంబ. "ఇవి మా ఊరి పళ్లు. నా చెట్టు పళ్లు కావు. ఇదిగో దారం."

రాజు మొహం వాడిపోయింది. "అమ్మా, నీ కోసమే..."

"తెలుసు నాయనా. నువ్వు నాకు పళ్లిచ్చావు. అదే పదివేలు. కానీ ఒడిపండు ఇవ్వాల్సింది నా చెట్టు."

ఆడవాళ్లు గుసగుసలాడలేదు. నవ్వలేదు. చీరకొంగులు సర్దుకుని మెల్లగా వెళ్లిపోయారు. కొండమ్మవ్వ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "ఎప్పుడైనా మా వాడకు రావమ్మా," అంది. "ఇన్నేళ్లయింది, ఒక్కసారీ రాలేదు."

ఆ ఏడు పండుగనాడు కుందమాంబ అరుగు మీద పెదవుల లోపల కూడా పాడలేదు. ఇంటికి వచ్చి కుంపటి ముందు కూర్చుని, "ఇంక మొక్కలొద్దు, ఏమొద్దు," అంది.

"సరే, మొక్కలొద్దు. కానీ కొండమ్మవ్వ పిలిచిందిగా? రాణిగారు మాట తప్పొచ్చా?" అంది అలివేణి.

"వస్తానని నేనెప్పుడన్నానే?"

"రానని కూడా అనలేదుగా!"

"వాన పడుతోందే."

"ఇక్కడ వాన ఎప్పుడు పడటం లేదు నాయనమ్మా? ఆగాక వెళదామంటే నాకు మనవలు పుడతారు!"

చెప్పొద్దూ, పెళ్లై వచ్చిన నాటి నుంచి కుందమాంబ వానలో నడిచింది లేదు. మేనాలో వెళ్లడం, మేనాలో రావడం. మిగిలిన కాలమంతా కుంపటి ముందు కూర్చుని ఎండలవాడ ఎండను తలుచుకోవడం. ఆ రోజు మనవరాలు చెయ్యి పట్టి లాగితే, తలమీద గిడుగు పెట్టుకుని బయలుదేరింది. మోకాళ్లు అనాల్సిన మాటలన్నీ అన్నాయి.

దారి పొడవునా పెరళ్లు. ఆవిడకు తెలియకుండానే గోడల మీదుగా తొంగి చూసింది. ఈ పెరట్లో ఎవరో కొత్త కోడలు నాటిన రేగుచెట్టు, కొమ్మలన్నీ నాచు పట్టి వణుకుతోంది. ఆ పెరట్లో అంజూర, ఆకుల నిండా తుప్పు. "అన్నీ నాలాగే ఉన్నాయే! ముక్కులు కారుతున్నాయి," అనుకుంది.

కొండమ్మవ్వ ఇంటి దగ్గరికి వచ్చేసరికి కీచుమంటూ గోల.

"నాది పెద్దది!"

"కాదు, నాది! నువ్వు పచ్చివి తిన్నావ్!"

కుందమాంబ కాళ్లు నిలిచిపోయాయి. ఆ కీచులాట ఆవిడకు తెలుసు. ఎన్నేళ్లయినా తెలుసు. పెరట్లో ఒక పొట్టి చెట్టు. మనిషి చెయ్యెత్తితే చిటారుకొమ్మ అందుతుంది. ఆకులన్నీ వానలో స్నానం చేసి మిలమిలలాడుతున్నాయి. కొమ్మకొక పిల్ల, పిల్లకొక తగువు. అందరి మూతులూ ఊదారంగు. రసం మోచేతుల దాకా కారుతోంది. వాన కడుగుతోంది, మళ్లీ కారుతోంది.

"ఏం చెట్టు అవ్వా ఇది?"

"కంబళి చెట్టమ్మా," అంది కొండమ్మవ్వ పీట వేస్తూ. అదేనర్రా, ఇప్పుడు మీరు మల్బరీ అంటారే, అది.

"పట్టుపురుగులకు వేసే మేతా?" అంది కుందమాంబ. అనేసి నాలుక కరుచుకుంది. వేలి కణుపంత పండు. మామిడి ముందు ఇదేపాటి?

కొండమ్మవ్వ ఏమీ అనుకోలేదు. నాలుగు పళ్లు కోసి చేతిలో పెట్టింది. కుందమాంబ నోట్లో వేసుకుంది. తీపి. వెనకే చిన్న పులుపు. మామిడి రుచి కాదు, కాకపోతేనేం! అరచెయ్యి చూసుకుంది. ఊదారంగు గీతలు మణికట్టు దాటి కిందికి పోతున్నాయి. ఎక్కడి నుంచో అమ్మ గరిటె చప్పుడు వినబడ్డట్టయింది.

"వానకు దీని పూత రాలదా?"

"పూత ఉన్నట్టే కనబడదు తల్లీ, ఇంక రాలడానికేముంది? తేనెటీగల కోసం కూడా చూడదు. తడి ఉంటే చాలు. ఎదిగితే నరుకు. నరికిన కొద్దీ కాస్తుంది. నీ పెరడంత చోటు చాలు."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదవ్వా?"

కొండమ్మవ్వ బోసినోటితో నవ్వింది. "నేనూ కిందూరి కోడల్నేగా! మా అమ్మ నా కొంగున సీతాఫలం గింజలు కట్టింది. మూడుసార్లు నాటాను, మూడుసార్లూ మొలిచి కుళ్లాయి. ఏడుస్తూ పక్కింటికి వెళ్లి, 'మీ చెట్టు ఎలా కాసింది?' అని అడిగాను. ఆవిడ ఈ కొమ్మ విరిచి ఇచ్చింది. ఇక్కడ అందరూ అలా అడిగినవాళ్లే. అడగనిదే కొమ్మ ఇవ్వకూడదు, అది ఆచారంలో చెప్పని సగం. ఒడిపండు పండు కోసం అనుకున్నావా, పిచ్చితల్లీ? కొత్తగా వచ్చిన పిల్ల ఒక్కసారి పొరుగింటి గడప తొక్కాలని పెట్టింది. ఒడి పట్టుకుని నీ గుమ్మానికి ఎన్నిసార్లు వద్దామనుకున్నామో! నువ్వు మాత్రం ఎప్పుడూ కింద వైపే చూస్తుంటివి."

గిడుగు అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి. కుందమాంబ లేచి నిలబడింది. రాణిగా పుట్టినది కాదు గానీ, రాణిగా బతికిన మెడ. ఆ మెడ వంచి, కొంగు చాచింది.

"ఒక కొమ్మ ఇస్తావా అవ్వా?"

కొమ్మ కోట పెరట్లో మామిడిచెట్టుకు కాస్త ఎడంగా నాటారు. రాజు గిడుగులు పట్టిస్తానన్నాడు. "నువ్వు సైన్యాన్ని చూసుకో నాయనా, ఇంకా దగ్గుతున్నారు," అంది తల్లి. వానే దాన్ని పెంచింది. చిగురు వేసింది, కొమ్మలు వేసింది. మరుసటి ఏటికి ఆకుసందుల్లో ఆకుపచ్చ పిందెలు, పిందెలు ఎరుపు, ఎరుపు పోయి నలుపు.

పికిలిపిట్ట వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. నోటి నిండా పండు ఉంటే ఎలా అడుగుతుంది?

"నాయనమ్మా, దొంగ! నీ ఒడిపండు తినేస్తోంది!" అని అలివేణి గులకరాయి తీసింది.

"తిననీవే. అందరికంటే ముందు నుంచీ అడుగుతోంది," అంది కుందమాంబ.

ఒడిపండు రోజున గుమ్మానికి తోరణం కావాల్సి వచ్చింది. ఎక్కడ వెతకాలి? ఇన్నేళ్లూ ఒక్క పండూ ఇవ్వని మామిడిచెట్టు నిండా లేతాకులు. కుందమాంబ తన చేత్తోనే కోసి, తన చేత్తోనే గుచ్చింది. అమ్మ ఇచ్చిన చెట్టు గుమ్మంలో నిలబడి ఊరందరినీ లోపలికి పిలిచింది.

ఆవిడ తొలి దోసిలి కొండమ్మవ్వ ఒళ్లో పోసింది. తర్వాత అందరి ఒళ్లలోనూ. ఆ రోజు మబ్బులదుర్గంలో ఊదామరక లేని చీర లేదు. ఎంత ఉతికినా పోలేదట. పోవాలని గట్టిగా ఎవరూ ఉతకలేదని కూడా అంటారు.

తొలిముసురు పండుగ వచ్చింది. కుందమాంబ అలవాటు కొద్దీ అరుగు మీద కూర్చోబోయింది. లోపల నుంచి కొండమ్మవ్వ కేకేసింది.

"అక్కడేం చేస్తున్నావ్, మనూరి మనిషీ? ఇటు రా! నీ చాప ఇక్కడుంది!"

కుందమాంబ చాప మధ్యలో కూర్చుంది. పాట ఎత్తుకుంది. గొంతు సన్నగా ఉంది, మధ్యలో ఒకచోట విరిగింది కూడా. విరిగినచోట ఊరంతా అందుకుంది. బయట చూరు చుక్కలు తాళం వేశాయి.

గుమ్మంలో నుంచి అలివేణి అరిచింది. "అయ్యయ్యో! మా కొత్త పెళ్లికూతురు పాతబడిపోయింది!"

కథ కంచికి పంపుదామంటే కొండ దిగాలి, బయట చూస్తే ముసురు. కాబట్టి అది అక్కడే, ఆ చాప మీదే, పాట వింటూ కూర్చుంది. మీరు మాత్రం ఇంటికి పోతూ ఈ మాట కొంగున ముడివేసుకోండి: పుట్టిన నేలను మనసులో ఉంచుకో, బతికే నేలను మాత్రం అడిగి మొక్క నాటుకో, అలా అడిగినవాడికే పండూ దక్కుతుంది, పదిమందీ దక్కుతారు.